బదిలీ అయిన చేతులు

అనకాపల్లి దాటి సముద్రం వైపు పోతే వచ్చే పారిశ్రామికవాడలో, రొయ్యల ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని, చెవి మిషన్లకు రాగి చుట్టలు చుట్టే కంపెనీ ఒకటి ఉండేది. సరిగా వినపడనివాళ్లు చెవిలో పెట్టుకునే మిషన్ లోపల బియ్యపుగింజలో సగమంత చుట్ట ఒకటి ఉంటుంది. వెంట్రుక కన్నా సన్నని తీగతో దాన్ని చుట్టాలి. గట్టిగా లాగితే తీగ తెగుతుంది, వదిలేస్తే చుట్ట వదులైపోతుంది. ఆ రెంటికీ మధ్య బిగువు ఎంతో పట్టుకోగల యంత్రం ఇంకా రాలేదు. ఆడవాళ్ల వేళ్లే పట్టుకునేవి. వాళ్లందరిలోనూ నూకరత్నం వేళ్లకు పేరుండేది. కొత్తగా చేరినవాళ్లను సూపర్‌వైజరు ముందుగా ఆమె బల్ల పక్కకే తీసుకొచ్చి నిలబెట్టి, కాసేపు చూడమనేవాడు.

కంపెనీ ఎత్తేస్తున్నారన్న సంగతి ఒక సోమవారం పొద్దున టిఫిన్ వేళకు తెలిసింది. మేనేజరు క్యాంటీన్‌లోకి వచ్చి, ఫ్యాక్టరీ ఇథియోపియాకు తరలిపోతోందని, అక్కడ కరెంటూ జీతాలూ చవకని, ఇది తన చేతిలో ఉన్న విషయం కాదని చెప్పాడు. చేతిలో ఇడ్లీ ఉన్నవాళ్లు ఆ ముక్క తినేశారు. వెనక బెంచీలో ఎవరో ఇథియోపియా ఏ వైపు ఉంటుందని మెల్లగా అడిగారు. రత్నం కిటికీలోంచి బయటికి చూసింది. అటు సముద్రం ఉంది కాబట్టి అటే ఉంటుందనుకుంది.

మేనేజరు ఇంకో మాట కూడా చెప్పాడు. చట్టం ప్రకారం రావలసిన డబ్బు అందరికీ వస్తుంది. నేర్పు బదిలీకి ఒప్పుకున్నవాళ్లకు దానిమీద ఇంకా చాలా వస్తుంది.

ఆ నేర్పు బదిలీ చేసే గది ఒకప్పుడు పనివాళ్ల చంటిపిల్లల్ని ఉంచే గది. గోడల మీద చిలకలూ కుందేళ్లూ బొమ్మలు ఇంకా చెరగలేదు. వాటి ముందే యంత్రాలు పెట్టారు. వాటిని తయారుచేసిన డాక్టర్ వేదవల్లి తెనాలి మనిషి, ముప్పై దాటి ఉంటుంది, నెమ్మదిగా మాట్లాడేది. ఒప్పుకోబోయే ఆడవాళ్లను ఆ గదిలో కూర్చోబెట్టి తన పని ఏమిటో చెప్పింది. మనిషి ఒక పని చేస్తున్నంతసేపూ ఆ పని జ్ఞాపకం మెదడులో పచ్చిమట్టిలా మెత్తబడుతుందట. పని ఆపగానే మళ్లీ గట్టిపడుతుందట. మెత్తగా ఉన్న ఆ కాసేపట్లో తలకూ ముంజేతికీ పట్టీలు కట్టి అచ్చు తీసుకోవాలి. ఆ అచ్చును అక్కడ ఇంకొకామె చేతిలో దించుతారు. ఏళ్ల తరబడి నేర్చుకునేది ఆమెకు వారం పదిరోజుల్లో వచ్చేస్తుంది.

"మరి మాకు?" అని రత్నమే అడిగింది.

"చుట్టలు చుట్టడం మీకు మరుపొస్తుంది," అంది వేదవల్లి. "అది దాచను. మట్టి మళ్లీ గట్టిపడదు."

ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఫ్యాక్టరీయే పోయాక చుట్టలు చుట్టడం గుర్తుండి ఏం చేసుకోవాలి? ఆ నేర్పుతో ఇంకో కంపెనీకి పోకుండా ఉండాలన్నది యజమానుల లెక్క అని యూనియన్‌లో తిరిగే ఒకామె అంది గానీ, చుట్టుపక్కల ఇంకో కంపెనీ ఉంటే కదా. రత్నం ఆ రోజు ఇంటికి వెళ్లి మొగుడు కన్నారావుతో చెప్పింది. అతను ఆటో నడుపుతాడు. "పోయీదేదో పోతాది. పిల్లకి పనికొస్తాది, ఒప్పీసుకో," అన్నాడు.

పిల్ల అంటే లోహిత. వాళ్లకు ఒక్కతే. పుట్టుకతోనే వినపడదు. రత్నం కొన్నాళ్లు తాను చుట్టే మిషన్లలో ఏదో ఒకటి పిల్లకు పనికొస్తుందని ఆశపడింది. విశాఖ తీసుకెళితే, లోపలి నరమే లేదు, ఏ మిషనూ పనిచెయ్యదని చెప్పారు. మూగపిల్లల బడి దూరం. అక్కడ హాస్టల్లో వదిలేయడానికి రత్నానికి మనసొప్పలేదు. ఊళ్లో బడికే పంపింది. అక్కడ పిల్ల బోర్డు మీద అక్షరాలు చూసి దించుకుని వచ్చేది, చదవడం అంతంతమాత్రం. మాట మాత్రం తల్లీకూతుళ్ల మధ్య చేతులతో పుట్టింది. ఎవరూ నేర్పింది కాదు. ఫ్యాక్టరీలో రత్నం వేళ్లు పని నేర్చుకుంటున్న ఏళ్లలోనే ఇంట్లో ఆ వేళ్లే పిల్లకు మాటలు కల్పించాయి.

నాన్న అంటే ఆటో హ్యాండిల్ తిప్పినట్టు మణికట్టు విదల్చడం. వాన అంటే అరచేతి మీద వేళ్లు రాలడం. మెల్లగా అనాలంటే కనపడని తీగను రెండు వేళ్ల మధ్య పట్టి లాగడం. లోహిత అనాలంటే చూపుడువేలు బొటనవేలి చుట్టూ సన్నగా తిరిగి, చివర చిన్న ముడి పడినట్టు ఆగాలి. చుట్ట చుట్టే తీరే అది. అంతకన్నా ముద్దైన కదలిక రత్నానికి ఇంకొకటి తెలియదు, అందుకే పిల్లకు ఆ పేరు పెట్టింది. కొన్నేళ్లు గడిచేసరికి ఇద్దరూ అరుగు మీద కూర్చుని, అన్నం తింటూ, వీధిలో ఆ చివరా ఈ చివరా నిలబడి కూడా కబుర్లు చెప్పుకునేవారు. కన్నారావుకు వాటిలో ఓ పదో పరకో వచ్చు. మిగతాదానికి భార్యను చూపించి నవ్వేసేవాడు.

అచ్చు తీయడం మొదలైంది. చిలకబొమ్మల గదిలో కుర్చీ వేసి, తలకు పట్టీ కట్టి, ఎదురుగా భూతద్దం, తీగ పెట్టేవారు. రత్నం మామూలుగా చుట్టలు చుట్టేది. నొప్పి లేదు, మంట లేదు. కాస్త నిద్రమత్తులా ఉండేదంతే. మొదట్లో ఏమీ తేడా తెలియలేదు. తరువాత ఒక రోజు తీగ తెగింది. ఏళ్లుగా ఆమె చేతిలో తీగ తెగి ఎరగదు. మళ్లీ కట్టి చుట్టింది. మళ్లీ తెగింది. వేదవల్లి తెర వైపు చూసి, బాగా వస్తోందని చెప్పింది. రత్నం తెగిన కొసను వేళ్ల మధ్య పట్టుకుని అలాగే కూర్చుంది. అది ఎవరో చేసిన పనిని చూస్తున్నట్టు ఉంది ఆమెకు.

ఆఖరి విడత అయిన సాయంత్రం ఇంటికొచ్చేసరికి లోహిత వీధి కుళాయి దగ్గర ఆడుకుంటోంది. రత్నం గుమ్మంలో నిలబడి చెయ్యెత్తింది. పిల్ల చూసింది. పేరు కోసం తల్లి చేతి వైపే చూస్తోంది. రత్నం చూపుడువేలు బొటనవేలి దగ్గరికి వెళ్లింది. అక్కడ ఆగిపోయింది. ఎటు తిరగాలో దానికి తెలియలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. వేళ్లు ఒకదానికొకటి తగిలి పక్కకు జారాయి. చివరకు అందర్నీ పిలిచినట్టే చెయ్యి ఊపి రమ్మంది.

లోహిత కదల్లేదు. ఏదో తప్పు చేసిన పిల్లలా చూసింది. తరువాత నెమ్మదిగా వచ్చి, తన చేతులతో అడిగింది: కోపమొచ్చిందా?

ఆ ప్రశ్న రత్నానికి అర్థమైంది. కూతురి చేతులు చెప్పేదంతా ఎప్పట్లాగే అర్థమవుతోంది. లేదమ్మా అని చెప్పబోతే మాత్రం చేతులు రెండూ గాలిలో ఊరికే లేచి ఊరికే దిగాయి. వాన రాలేదు. మెల్లగా అన్నది రాలేదు. అన్నం తిన్నావా అన్నది సగం వచ్చి విడిపోయింది. రత్నం పిల్లను దగ్గరకు లాక్కుని తల నిమిరింది. పిల్ల విడిపించుకుని, మళ్లీ అడిగింది: ఎందుకు మాట్లాడవు?

తెల్లారి రత్నం సరాసరి చిలకబొమ్మల గదికి వెళ్లింది. వేదవల్లి డబ్బాల్లో వస్తువులు సర్దుతోంది.

"మేడమ్, నా పిల్ల పేరు పోనాదండి," అంది రత్నం.

వేదవల్లికి మొదట అర్థం కాలేదు. రత్నం చెప్పుకొచ్చింది. చెబుతూ చేతులు కదిలించబోయి, ఆగి, ఒళ్లో పెట్టుకుంది. వేదవల్లి వింటూ వింటూ స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆ పనీ ఈ మాటలూ ఒకే చోట పక్కపక్కనే పెరిగి ఉంటాయని, ఒకటి లాగితే రెండోది వేళ్లతో సహా వచ్చేసి ఉంటుందని ఆమెకు అప్పటికి బోధపడింది.

"తిరిగి పెట్టీయండి. డబ్బులు ఇచ్చీస్తాను," అంది రత్నం.

"తిరిగి పెట్టలేనండి."

"ఇంకో ఆడమనిషికి పెడతన్నారు కదా. నాకెందుకు పెట్టలేరు?"

"ఒకసారి ఖాళీ అయిన చోట అచ్చు నిలవడం లేదు. చేసి చూశాను."

"ఎవరి మీద సేసినారు?"

"నా మీదే," అంది వేదవల్లి. మొట్టమొదట తన చేతిరాతను తీసి చూసుకుందట. అచ్చం వాళ్లమ్మ రాతలాగే ఉండేదట అది. తిరిగి పెడితే రెండు రోజులు కూడా నిలవలేదు. ఇప్పుడు బడిపిల్లలా ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాస్తుంది. "రాత ఒక్కటే కదా పోయింది, టైపు చేసుకుంటే సరిపోతుందిలే అనుకున్నాను. ఇలా ఇంకోదాన్ని లాక్కుపోతుందని నాకు తెలీదండి. తెలుసుకోవలసింది."

రత్నం లేచి గుమ్మం దాకా వెళ్లి, తన నేర్పు తీసుకోబోయే మనిషి పేరేమిటని మాత్రం అడిగింది. అల్మాజ్ అని చెప్పింది వేదవల్లి.

ఆ నెలాఖరుకు బల్లలు, భూతద్దాలు, ఆఖరికి క్యాంటీన్‌లో గడియారం కూడా కంటైనర్లలోకి ఎక్కించి ఓడరేవుకు పంపించేశారు. గేటు మీద బోర్డు తీసేసిన చోట సున్నం తెల్లగా మిగిలింది. ఆడవాళ్లలో కొందరు ఊళ్లకు పోయారు. కొందరు పక్కనున్న రొయ్యల ఫ్యాక్టరీలో చేరారు. రత్నం కూడా చేరింది. రోజంతా మంచునీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీయడమే పని. దానికి నేర్పు అక్కర్లేదు, ఓర్పు చాలు. సాయంత్రానికి వేళ్లు తెల్లగా నాని, ముడతలు పడి, ఎవరివో అన్నట్టు ఉండేవి.

ఇంట్లో లోహిత మాట్లాడడం తగ్గించింది. మొదట్లో తల్లి ముందు కూర్చుని బడి కబుర్లన్నీ చెప్పి జవాబు కోసం ఎదురుచూసేది. రత్నం తల ఊపేది, నవ్వేది, నోటితో పలికేది. పిల్ల ఆ పెదాలను కాకుండా చేతుల్నే చూసేది. రోజులు గడిచేకొద్దీ కబుర్లు చిన్నవయ్యాయి. తరువాత కావలసిన వస్తువును వేలు పెట్టి చూపించి ఊరుకోవడం మొదలైంది. రత్నం మాటలన్నీ మళ్లీ నేర్చుకోవాలని కూర్చునేది. పొద్దున కూడదీసుకున్నది సాయంత్రానికి సగం జారిపోయేది. కన్నారావు ఒకరోజు పెళ్లాం పక్కన కూర్చుని, తనకు తెలిసిన ఆ పది మాటలూ ఒక్కొక్కటే చేసి చూపించాడు. "ఒలే, నాకన్నా నీకే రావాల కదే," అన్నాడు. అని, తనే మొహం తిప్పుకున్నాడు.

వేసవిలో ఒక ఆదివారం వేదవల్లి వాళ్లింటికి వచ్చింది. కంపెనీ మానేశానని చెప్పింది. చేతిలో పలకంత కంప్యూటరు ఉంది. అక్కడి అల్మాజ్ తన చేతుల గురించి ఒక సంగతి రాసిందట. పని లేనప్పుడు, తన పసిబిడ్డ ముందు కూర్చున్నప్పుడు, చేతులు వాటంతట అవే ఏవో ఆకారాలు కడుతున్నాయట. అవి ఏమిటో తనకు తెలియదట, కానీ కట్టినప్పుడల్లా గుండె బరువెక్కుతుందట.

తెర వెలిగింది. పచ్చని తలగుడ్డ కట్టుకున్న సన్నని నల్లని మనిషి కనపడింది. వెనక రేకుల గోడ. ఆమె ఏదో అంది, కంప్యూటరు దాన్ని తెలుగు చేసి, నమస్కారం అక్కా అని పలికింది. రత్నం తల ఊపింది. లోహిత తల్లి భుజం పక్కనుంచి ఆసక్తి లేకుండా చూస్తోంది.

అల్మాజ్ చేతులెత్తింది. చూపుడువేలు బొటనవేలి చుట్టూ సన్నగా తిరిగి, చివర చిన్న ముడి పడినట్టు ఆగింది.

లోహిత తల్లిని తోసుకుని తెర ముందుకు వచ్చేసింది. పిల్ల చేతులు గబగబా కదిలాయి. అవతలామెకు అర్థాలు తెలియవు, చేతులకు మాత్రం ఆకారాలు తెలుసు. అల్మాజ్ ఒక్కో ఆకారం కట్టి, ఇదేమిటని రత్నాన్ని అడిగేది. రత్నం చెప్పేది. కంప్యూటరు అటు చేరవేసేది. సాయంత్రం కాకముందే అన్నం తిన్నావా, నాన్న వచ్చాడా, వాన పడుతోందా అన్నీ అటునుంచి ఇటు వచ్చాయి. ఆ విసురు, ఆ నిదానం, మాట చివర మణికట్టు వాల్చే తీరు అంతా రత్నానిదే. లోహిత విరగబడి నవ్వింది. ఎన్నాళ్లకో విన్న ఆ కీచుగొంతు నవ్వుకు కన్నారావు ఆటో తుడవడం ఆపి లోపలికి వచ్చాడు.

వేదవల్లి ఆ కంప్యూటరును వాళ్లకే ఇచ్చేసి వెళ్లింది. అప్పట్నుంచి ఆదివారం వస్తే తెర ముందు చేరేవారు. రత్నం కూతురితో చెప్పదలచుకున్నది తెలుగులో చెప్పేది. అది సముద్రం దాటి అల్మాజ్‌కు చేరి, ఆమె చేతుల మీదుగా మళ్లీ ఇంట్లోనే ఉన్న పిల్ల దగ్గరికి వచ్చేది. జడ ఎందుకు ఊడిపోయింది, బడిలో ఎవరు కొట్టారు, ఇలాంటివే. కొన్నాళ్లకు అల్మాజ్‌కు అర్థాలన్నీ పట్టుబడ్డాయి. ఆమె, లోహిత వాళ్లలో వాళ్లే మాట్లాడుకునేవారు. నడుమ రత్నం మాట అక్కర్లేకపోయింది. రత్నం వంటింట్లోంచి తొంగి చూసేది. ఒకసారి పిల్ల తన కల ఏదో చెబుతోంది. ఆ కల తల్లికి చెప్పలేదు. రత్నం గుమ్మం దగ్గర నిలబడి, చాటుగా, తెరకు చెబుతున్న ఆ కలను చివరిదాకా చూసింది.

అల్మాజ్ మీద ఆమెకు కోపం రాలేదు. రావాలని చూసింది గానీ రాలేదు. అల్మాజ్ తన పసిబిడ్డను ఎత్తి చూపించేది. అక్కా, నీ చేతుల్తోనే వీణ్ణి పెంచుతున్నాను, అని ఒకసారి అంది.

ఏడాది తిరక్కుండానే అల్మాజ్ మొహం వేరుగా కనపడిన ఆదివారం వచ్చింది. ఫ్యాక్టరీ మళ్లీ కదులుతోందట. ఇంకా చవకైన చోటు ఏదో దొరికిందట. ఊరి పేరు కూడా వాళ్లకు చెప్పలేదు. నీ చేతులు ఇవ్వొద్దు, నీకూ చంటిబిడ్డ ఉన్నాడు, వాటితోపాటు ఇంకేం పోతుందో ఎవరికి తెలుసు అని రత్నం చెప్పింది.

కంప్యూటరు అల్మాజ్ మాటలు తెలుగులో ఒక్కొక్కటే పలికింది. "ఇవ్వడం, ఇవ్వకపోవడం లేదు అక్కా. అవి కంపెనీవి. చేరినప్పుడు సంతకం పెట్టాను. మానేసేటప్పుడు యూనిఫారం, బూట్లు, చేతులు అప్పగించాలి. రేపు వెళ్లాలి."

పక్కనే ఉన్న లోహిత ఇద్దరి మొహాలనూ మార్చి మార్చి చూస్తోంది. ఇదే ఆఖరిసారని రత్నానికి అర్థమైంది. ఇన్నాళ్లూ పిల్లకు చెప్పడానికి నోరు రాక దాటేసినది ఒకటుంది. ఇంక చెప్పే దారి ఉండదు. తెర దగ్గరికి జరిగి, "అల్మాజ్, దీనికో మాట సెప్పు," అంది. "అమ్మకి కోపం లేదు. ఎప్పుడూ లేదు. అమ్మ సేతుల్లో మాటలు పోనాయి. అమ్మ పోలేదు, ఇక్కడే ఉంది. అలగని సెప్పు."

అల్మాజ్ చేతులు ఆ మాటల్ని కట్టాయి. కడుతుంటే ఆమె కళ్లు నిండాయి. లోహిత కదలకుండా చూసింది. చూసి, తెర వైపు కాకుండా, మొదటిసారి తల్లి వైపు తిరిగి అడిగింది: పోయాయా? ఇచ్చేశావా?

కన్నారావు అక్కడే ఉన్నాడు. అతనికి ఆ రెండు మాటలూ తెలుసు. "పోనాయనే సెప్పు," అన్నాడు మెల్లగా.

రత్నం తన చేతుల వైపు చూసుకుంది. ఇవ్వడమన్న మాట సులువైనదే. అరచెయ్యి గుండె దగ్గర పెట్టి ముందుకు చాచితే చాలు, ఎవరికైనా వస్తుంది. ఆమె అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, కూతురి ముందుకు చాచింది.

లోహిత ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది. తెరలో అల్మాజ్ ఏదో అంటోంది, కంప్యూటరు దాన్ని పలకలేదు. కాసేపటికి అటు కరెంటు పోయిందో, ఏమైందో, తెర నల్లబడింది.

మరుసటి ఆదివారం కంప్యూటరు ఎవరూ తియ్యలేదు. రత్నం అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. లోహిత బయటినుంచి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఏదో చెప్పబోయి ఆగింది. తల్లి తనవైపు చూసేదాకా ఓపిగ్గా కనిపెట్టుకుని ఉంది. అప్పుడు చేతులెత్తి, పెద్దపెద్దగా, ఒక్కో మాట విడివిడిగా, మధ్యలో ఆగి అర్థమైందా అని మొహంలోకి చూస్తూ చెప్పింది: నాకు. ఆకలి. వేస్తోంది.

కిరాణా కొట్టు అతనితో, ఊరికి కొత్తగా వచ్చిన చుట్టాలతో పిల్ల అలాగే మాట్లాడుతుంది. తన భాష రానివాళ్లని తెలిసి, వాళ్లు నొచ్చుకోకుండా, మర్యాదగా.

అర్థమైందని రత్నం తల ఊపింది. చేతులు కొంగుకు తుడుచుకుని, అన్నం పెట్టడానికి లేచింది.